మత్తు ఎక్కే ఆ కొద్ది నిమిషాలు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ప్రేమతో రాస్తున్న ఉత్తరం.

మీ సంఘం వాళ్ళతో కలిసి దంతవైద్య సేవకు విదేశం వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్న మాత్రం రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. "ఇన్నిసార్లు వెళ్ళావు కదా పెద్దమ్మా, నీకు బాగా గుర్తుండిపోయినవి ఏమిటి?" అన్నావు. తీరా తలచుకుంటే, వాటిలో చాలావరకు ఒకే సమయంలో జరిగాయి. సూదిమందు ఇచ్చాక మత్తు ఎక్కేవరకు ఆగే ఆ కొద్ది నిమిషాల్లో.

కింది దవడ పన్నుకు మందు ఇస్తే పెదవి మొద్దుబారడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇది నీకు తెలియనిది కాదు. కానీ బయట వరుసలో వంద మంది కూర్చుని ఉంటే ఆ అయిదు నిమిషాలు వృథా అనిపిస్తాయి. పక్క కుర్చీకి పరుగెత్తాలనిపిస్తుంది. మొదటి ప్రయాణంలో నేను అలాగే చేశాను. సాయంత్రానికి ఎన్ని పళ్ళు తీశానో లెక్క చెప్పగలిగాను గాని ఒక్క ముఖమూ గుర్తులేదు. రాత్రి ప్రార్థనకు కూర్చుంటే ఎవరి కోసం ప్రార్థించాలో తెలియలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు కుర్చీ వదలకుండా రోగి పక్కనే కూర్చున్నాను.

అప్పుడు వచ్చాడు ఒక ముసలాయన. పన్నులో వేర్లు తప్ప ఏమీ మిగలలేదు. మత్తు ఎక్కేలోగా దుబాసీ ద్వారా మాట్లాడాడు. నాలుగేళ్ళుగా ఆ వైపు తిరిగి పడుకోలేదట. పన్ను తీసి బకెట్లో వేయబోతుంటే చెయ్యి చాచాడు. దుబాసీ అక్కర్లేకుండానే అర్థమైంది. కడిగి అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత పైపంచె కొసన ముడి వేసుకుని, ఆ ముడిని రెండుసార్లు లాగి చూసుకుని లేచాడు. ఆ రోజునుంచి తీసిన పన్ను కావాలా అని అడగకుండా నేను పారేయలేదు.

అమ్మా, మన వృత్తిలో ఒక చిత్రం ఉంది. మనం పని మొదలుపెడితే ఎదుటి మనిషి మాట్లాడలేడు. నోటినిండా దూది, మన వేళ్ళు. వద్దు అనడానికి కూడా వీలుండదు. కాబట్టి ఏదైనా అడగదలిస్తే ముందే అడుగు. నోరు తెరిచి ఉన్న మనిషిని ఫోటో తీయవద్దు. ప్రార్థన చేయాలనుకుంటే, చేయమంటారా అని అడిగి, వద్దంటే అంతే ప్రేమతో వైద్యం చేయి. వైద్యానికి ప్రార్థన రుసుము కాకూడదు. బైబిల్లో, యెరికో దారిలో కూర్చున్న బర్తిమయి గుడ్డివాడని చూసినవాళ్ళందరికీ తెలుసు. అయినా తన నుంచి ఏమి కోరుతున్నాడో యేసు ప్రభువు అతన్నే అడిగాడు. క్యాంపు మొదలయ్యే ప్రతి ఉదయం నాకు ఆ ప్రశ్నే గుర్తుకొచ్చేది.

నేను అడగకుండా చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక చిన్నపాప ముందు పళ్ళు పుచ్చిపోయి ఉంటే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ రాశాను. మంచి మందు. డ్రిల్లు అక్కర్లేదు, నొప్పి ఉండదు, పుచ్చు ముదరకుండా ఆపుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా. అయితే పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. ఆ సంగతి తల్లికి ముందు చెప్పలేదు. మర్నాడు పాపను ఎత్తుకుని వచ్చి, పెదవి పైకెత్తి చూపించి ఏడ్చింది. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. నువ్వు మాత్రం నల్లబడిన పన్ను బొమ్మ ఒకటి వెంట ఉంచుకో. తల్లికి చూపించి, ఆమె సరేనన్నాకే మందు సీసా తెరువు.

కరెంటు లేని చోట డ్రిల్లు గురించి బెంగపడకు. 1980లలో టాంజానియాలో మొదలైన పద్ధతి ఉంది కదా, చేతి పనిముట్లతో పుచ్చు గీకి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపడం. వెళ్ళేలోగా అది చేతికి బాగా అలవాటు చేసుకో. కాపాడగలిగిన పన్ను తీసేస్తే మనం తిరిగొచ్చాక వాళ్ళకు ఇంకొకటి రాదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఆ దేశంలో వైద్యం చేయడానికి అనుమతి పత్రాలు ముందే తెప్పించుకోండి. గడువు దగ్గరపడిన మందులు ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకెళ్ళవద్దు. పనిముట్లను, ఆవిరి వేడితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు పూర్తిగా ఉంచాల్సిందే. పనిముట్లు చాలకపోతే వరుస ఆగుతుంది, ఆగనీ. మళ్ళీ చూడవలసిన రోగుల పేర్లు అక్కడి దంతవైద్యుడికి రాసిచ్చి రా. వాపు వచ్చినా రక్తం ఆగకపోయినా వాళ్ళు వెళ్ళేది ఆయన దగ్గరికే.

ఇంకొక్క సంగతి. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు కుర్చీలో వణుకుతూ కూర్చున్నాడు. మత్తు ఎక్కేలోగా వాడికి ఒక ఒప్పందం చెప్పాను. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తానని. పన్ను తీసే పటకారు, అదే ఫోర్సెప్స్, పన్నును తాకీ తాకకముందే ఎత్తాడు. ఆపాను. మళ్ళీ ఎత్తాడు. నొప్పి లేదని తెలుస్తూనే ఉంది, నా మాట నిజమో కాదో చూస్తున్నాడు. మూడోసారి ఎత్తినప్పుడు వెనక ఎవరో విసుక్కున్నారు. అయినా ఆపి, పనిముట్టు పళ్ళెంలో పెట్టి, రెండు చేతులూ వాడికి చూపించాను. నాలుగోసారి చెయ్యి లేవలేదు. పన్ను వచ్చేసిన సంగతి వాడికి తెలియనే లేదు.

ఆ ఒక్క వాక్యం, "చెయ్యి ఎత్తితే ఆపేస్తాను" అన్నది, దిగిన రోజే దుబాసీ దగ్గర అక్కడి భాషలో నేర్చుకో. పలకడం సరిగా రాకపోయినా నీ నోటితోనే చెప్పు.

ఏ రోజు బయలుదేరుతున్నావో రాయి. ఉదయం ప్రార్థనలో నీ పేరుతో పాటు మీ బృందంలో అందరి పేర్లూ చెప్పుకుంటాను, వాళ్ళ పేర్లు కూడా పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ