స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నాన్న గుండె మళ్లీ బలపడుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నాన్నకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. ఏడాది కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. గుండె పంపింగ్ 30 శాతమే ఉందట. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఇంజెక్షన్‌తో కండరం మళ్లీ పెరుగుతుందని ఒక క్లినిక్‌లో చెప్పి ఆరు లక్షలు అడుగుతున్నారు. అమ్మ నగలు తాకట్టు పెడదామనుకుంటున్నాం. మా పిన్ని కొడుక్కి బ్లడ్ క్యాన్సర్ మూలకణాల మార్పిడితోనే తగ్గింది. నాన్నకు పనిచేయదా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక మాటమ్మా, నగలు తాకట్టు పెట్టకండి.

మీ పిన్ని కొడుక్కి ఎక్కించినవి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. నరంలోకి ఎక్కించినా అవి దారి వెతుక్కుంటూ ఎముక మూలుగకు చేరతాయి. అది వాటి సొంతిల్లు. అక్కడ ఆక్సిజన్ తక్కువే, కానీ ఆ కణాలు అందుకు అలవాటు పడ్డవి. చాలావరకు నిద్రపోతున్నట్టు ఉంటూ, ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ను విడగొట్టి వచ్చే కొద్దిపాటి శక్తితో బతికేస్తాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త తెల్లకణాలు కనిపిస్తాయి.

గుండెకు సాధారణంగా వాడేది వేరే రకం, మూలుగ నుంచో కొవ్వు నుంచో తీసి ల్యాబ్‌లో పెంచినవి. మామూలు గాలిలోలా 21 శాతం ఆక్సిజన్, కావలసినంత గ్లూకోజ్ మధ్య పెరుగుతాయి. వాటిని తీసుకెళ్లి రక్తం సరిగా అందని, మచ్చ కట్టిన కండరంలో వదిలితే ఏమవుతుంది? ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణానికి దాదాపు 30 ఏటీపీలు, అంటే ఖర్చుపెట్టుకునే శక్తి, వస్తాయి. లేకపోతే రెండే. అదే పనికి పదిహేను రెట్లు గ్లూకోజ్ కావాలి, అక్కడ అదీ అందదు. ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. ల్యాబ్ ప్రయోగాల్లో ఆక్సిజన్ లేకపోయినా గ్లూకోజ్ అందినంత కాలం ఇవి నిలబడ్డాయి, రెండూ లేనప్పుడే రాలిపోయాయి. నీళ్లు పారని మడిలో నాటిన నారు లాంటి పరిస్థితి ఇది.

మరి గ్లూకోజ్ ఎక్కిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సెలైన్‌లో ఇచ్చినది కూడా రక్తంతోనే వెళ్లాలి కదా, ఆ దారే అక్కడ సరిగా లేదు. పైగా నాన్నగారికి షుగర్ ఉంది, అది పెరిగితే గుండెకే చేటు. కణాలను ముందే తక్కువ ఆక్సిజన్‌లో పెంచి అలవాటు చేయడం, గ్లూకోజ్‌ను మెల్లగా వదిలే జెల్‌లో పెట్టి నాటడం లాంటి పరిశోధనలు జరుగుతున్నాయి. నాకు వాటి మీద నిజంగా ఆశ ఉంది. కానీ అవి నాన్నగారికి ఇవాళ అమ్మదగ్గ వైద్యం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెకు మూలకణాల చికిత్స అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌గానే, అంటే రోగులపై చేసే పరిశోధనగానే, జరగాలి. ట్రయల్‌ అయితే చికిత్సకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

పంపింగ్ తగ్గిన గుండెకు ఆయుష్షు పెంచుతాయని రుజువైన మందులు నాలుగు రకాలున్నాయి. నాన్నగారికి నాలుగూ పడుతున్నాయా, సరైన డోసులోనేనా అని కార్డియాలజిస్టును అడగండి. మందులు సరిగా వాడాక కూడా పంపింగ్ 35 శాతం దాటకపోతే, గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ అనే పరికరం అవసరమా అనీ అడగండి. ఎకో రిపోర్టు, మందుల చీటీ తీసుకుని ఈ వారమే వెళ్లండి.