అల్లుడికి, వెనక ఫెండర్ కోసే ముందు

చిరంజీవి అల్లుడికి, మిషిగన్ నుంచి మీ మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నువ్వు 1972 నాటి డాట్సన్ 240జెడ్ కారు కొన్నావనీ, దాని ఫెండర్లు, అంటే చక్రాల మీది రేకులు, కోసి, వాటి మీద ఫ్లేర్లనే వెడల్పు తొడుగులు పెట్టి వెడల్పు టైర్లు వేయబోతున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. విన్నప్పుడు నా మనసు ఉప్పొంగిన మాట నిజం, ఆ తరువాత తెల్లవార్లూ నిద్ర పట్టని మాటా నిజం. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని మరచిపోతావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఇది ఆసాంతం చదివే వరకు గ్రైండర్ ముట్టుకోవద్దు.

ఫ్లేర్ల ఎంపికలో నేను వేలు పెట్టను. 1971లో జపానులో వచ్చిన 240జెడ్‌జీ ఫ్లేర్ల అచ్చునే నువ్వు ఎంచుకున్నావని విన్నాను. అమెరికాలో ఆ కారు అమ్మలేదు గాని, ఆ ఒంపు చూసిన కళ్లకు మరొకటి ఆనదు. టైరు కొనేటప్పుడు దాని పక్కగోడ మీద డాట్ సంకేతంలోని చివరి 4 అంకెలు చూడు, అవే తయారైన వారం, సంవత్సరం. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పు. టైరు నేలకు ఆనే పట్టీ అంతా ఫెండర్ కిందే ఉండాలని మీ కాలిఫోర్నియా చట్టం కూడా చెబుతుంది కనుక, టైరును ఫ్లేరు దాటి బయటికి రానివ్వకు. చక్రం వెనక స్పేసర్లనే బిళ్లలు పేర్చి దాన్ని బయటికి తోయవద్దు. సరైన ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికో బయటికో జరిగి కూర్చుంటుందన్న కొలత, ఉన్న చక్రమే కొను, డబ్బు చాలకపోతే నన్ను అడుగు.

ఎంత వెడల్పు వేయాలన్నది మాత్రం కూర్చుని ఆలోచించాల్సిన విషయం. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి నాలుగున్నర అంగుళాల వెడల్పున్న 14 అంగుళాల చక్రాల మీద, 175 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లతో వచ్చింది. వెయ్యి కిలోలకు కాస్త పైన ఉండే ఆ తేలిక బండికి అవి సరిపోయాయి. ముందు చక్రాన్ని నువ్వు బయటికి జరిపిన కొద్దీ, చక్రం ఏ గీత చుట్టూ మలుపు తిరుగుతుందో ఆ గీతకూ టైరు నడిమధ్యకూ దూరం పెరుగుతుంది. దానికి పవర్ స్టీరింగు లేదు. రోడ్డు మీద లారీల బరువుకు పడిన గాడి తగిలితే చాలు, ఆ గాడే బండిని తన వైపు గుంజుకుంటుంది, ఆ గుంజుడు నేరుగా నీ మణికట్టుకు వస్తుంది, బేరింగుల మీద భారమూ పెరుగుతుంది. నువ్వు అనుకుంటున్న 15 అంగుళాల 225/50 టైరు, అంటే 225 మిల్లీమీటర్ల వెడల్పుది, వ్యాసంలో పాతదాని కన్నా దాదాపు 3 సెంటీమీటర్లు పొట్టిది కాబట్టి, స్పీడోమీటరు 63 మైళ్లు చూపినప్పుడు నువ్వు నిజానికి 60 దగ్గరే ఉంటావు. అందులో ప్రమాదం లేదు, తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఇంట్లో బీరువా మీద ఒక ఫొటో ఉండేది. ఎర్ర జెడ్ కారు, నల్లటి ఫ్లేర్లు, పక్కన చేతులు కట్టుకుని నేను. 1981లో నేనే మీ అమ్మకు విజయవాడ పంపించాను. నీ చిన్నతనంలో దాన్ని చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడివని మీ అమ్మ చెబుతూ ఉంటుంది, నీకు ఈ కోరిక అక్కడే పుట్టిందని నాకు తెలుసు. ఆ ఫ్లేరు కింద ఏముందో ఇన్నేళ్లుగా నీకు చెప్పకపోవడం నాదే తప్పు.

ముందు ఫెండర్లు బోల్టులు విప్పితే ఊడి వస్తాయి; తప్పుగా కోసినా మరొకటి తెచ్చి బిగించుకోవచ్చు. వెనకవి అలా కాదు, అవి కారు శరీరమే. అక్కడ రెండు రేకులుంటాయి. బయటి రేకు, లోపల చక్రం గూడు రేకు, ఈ రెండూ అంచు దగ్గర మాత్రమే స్పాట్ వెల్డులతో అతుక్కుని ఉంటాయి. ఆ అంచు కోశావంటే రెండూ విడిపోతాయి. నాకు ఆ సంగతి తెలియదు. కారును నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా, ఫ్లేరును ఆనించి సుద్దముక్కతో గీత గీసి, ఒక్క శనివారం మధ్యాహ్నంలో రెండు రేకులూ కలిపి కోసేశాను. కోసిన ముక్క కింద పడగానే రెండు రేకుల మధ్య వేలు దూరేంత నల్లటి సందు కనిపించింది, అందులోంచి పదేళ్ల దుమ్ము నా ముఖం మీద రాలింది. నా దగ్గర వెల్డింగ్ మెషీను లేదు. సందు పొడవునా సీలెంటు కూరి, దాని మీద ఫ్లేరు పెట్టి, రివెట్లు కొట్టి, సాయంత్రం ఆ ఫొటో తీయించుకున్నాను.

రెండు వారాల తరువాత మీ అత్తయ్యను తీసుకుని నయాగరా బయలుదేరాను. ఆమె అప్పుడు ఐదో నెల గర్భవతి. ఇద్దరి బరువూ, వెనక సామానూ పడేసరికి కారు కిందికి దిగింది. స్టాండ్ల మీద కొలిచిన నా కొలతల్లో ఆ బరువు లేదు కదా. హైవే మీద ఒక పల్లం దగ్గర వెనక నుంచి పాత గుడ్డ చించినట్టు శబ్దం వచ్చింది. ఆపి చూస్తే ఎడమ టైరు పక్కగోడ మీద జానెడు పొడవున చెక్కుడు, లోపలి దారాలు తెల్లగా కనబడుతున్నాయి. స్పేర్ టైరు వేసి ముందుకే వెళ్లాను, వెనక్కి తిరగాల్సింది. తిరుగు ప్రయాణంలో వాన వచ్చింది. మీ అత్తయ్య తలనొప్పిగా ఉంది, కడుపులో తిప్పుతోంది అంటే నేను విసుక్కున్నాను, తరువాత ఆమె కళ్లు మూసుకుంటే నిద్రపోయిందనుకున్నాను. నా తల కూడా దిమ్మెక్కుతున్నప్పుడు తెలిసింది, సీలెంటు ఊడిన సందులోంచి సైలెన్సరు పొగ లోపలికి వస్తోందని. అద్దాలు రెండూ దించి, వానలో రోడ్డు పక్కన ఆమెను నిలబెట్టి గొడుగు పట్టుకున్నాను. మీ వదిన ఆరోగ్యంగానే పుట్టింది. అయినా ఆ పదిహేను నిమిషాలను నేను ఇప్పటికీ దాటలేదు.

ఆ తరువాత మూడు చలికాలాల ఉప్పు ఆ సందులో కూర్చుంది. 1984లో పెయింటు బుడగలు లేస్తున్నాయని రివెట్లు తీస్తే, ఫ్లేరుతో పాటు అంచు అంతా అప్పడంలా విరిగి నా చేతిలోకి వచ్చింది. కారును విడిభాగాల కింద అమ్మేశాను.

కనుక నువ్వు చేయవలసిన క్రమం ఇది. ముందు కారును నువ్వు నడపబోయే ఎత్తుకు దించి, నేల మీద నిలబెట్టి, నీ బరువంత బరువు సీటులో వేసి కొలువు. ఆ తరువాత స్ప్రింగు తీసేసి, స్ట్రట్, అంటే ఆ స్ప్రింగును మోసే నిలువు గొట్టం, ఒక్కటీ తిరిగి బిగించి, జాక్‌తో చక్రాన్ని బంప్ రబ్బరు, అంటే చివరన అడ్డుకునే రబ్బరు దిమ్మె, నొక్కుకునే వరకు పైకి ఎత్తి చూడు. ముందు చక్రాలనైతే ఆ స్థితిలోనే స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు. లోపలి వైపు స్ప్రింగు కింది పళ్లెం టైరుకు ఎంత దగ్గరగా ఉందో కూడా అప్పుడే చూసుకో. మొదట బయటి రేకు మాత్రమే కొయ్యి. లోపలి రేకును అంగుళం అంగుళానికి నిలువుగా చీల్చి, ఆ నాలుకలను ఒక్కొక్కటిగా పైకి వంచి బయటి రేకుకు ఆనించి వెల్డ్ చెయ్యి. ఒకే చోట వరుసగా చేయవద్దు, ఇక్కడొక చుక్క, జానెడు అవతల మరొక చుక్క పెడితే రేకు వేడికి వంకర పోదు. నాలుకల మధ్య ఒక్క సందు కూడా మిగలకూడదు. చీకటిలో లోపల దీపం పెట్టి బయటి నుంచి చూస్తే ఎక్కడ వెలుతురు వస్తుందో అక్కడ సందు ఉన్నట్టు. ప్రైమరూ, సీలెంటూ, లోపలి బోలులో మైనమూ ఆ తరువాతే. ఫ్లేరుకూ రేకుకూ మధ్య రబ్బరు పట్టీ వెయ్యి, రివెట్లకు బదులు స్టెయిన్‌లెస్ బోల్టులు వాడు, ఎప్పుడైనా విప్పి లోపల చూసుకోవచ్చు. బోల్టు చివరలు టైరు వైపు పొడుచుకుని ఉండకూడదు.

ఒక్క మాట పెద్దక్షరాలతో రాయాలనిపిస్తోంది. కుడి వెనక ఫెండర్ మీదే పెట్రోలు మూత ఉంది. ఆ గూడు వెనకే పెట్రోలు గొట్టం, ఆవిరి గొట్టాలు పోతాయి, ట్యాంకు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. నేను ఆ రోజు మూత బిగించి సరిపుచ్చుకున్నాను. తరువాత చూస్తే నిప్పురవ్వలు పడి ఒక గొట్టం మీద ఆవగింజంత గుంటలు ఏడెనిమిది ఉన్నాయి. తలచుకుంటే ఇప్పుడు కూడా చేతులు చల్లబడతాయి. నువ్వు ట్యాంకూ గొట్టాలూ అన్నీ దించి గ్యారేజీ బయట పెట్టేదాకా కుడి వైపు గ్రైండర్ పెట్టడానికి వీల్లేదు. ఇందులో నీ తెలివితేటలు నాకు చూపించవద్దు. నువ్వు నాకు ఎంతటివాడివైనా మీ అమ్మ చేతిలో పెరిగిన పిల్లవాడివే.

ఎడమ వైపు పని నువ్వు ఒక్కడివే చేసుకో, నాకు నమ్మకం ఉంది. కోసే ముందు గీతలు గీసిన ఫొటోలు, కొలతలతో సహా పంపు, ఆ రాత్రే చూసి జవాబు రాస్తాను. కుడి వైపు కోసే రోజు మాత్రం నెల ముందుగా చెప్పు. మంటలార్పే సిలిండరు పట్టుకుని నీ పక్కన నిలబడటానికి నేనూ మీ అత్తయ్యా వస్తాం. ఆమె నీకు ఇష్టమైన గోంగూర పచ్చడి తెస్తానంటోంది.

మీ మామయ్య