మీరడిగారు: విలేకరి కూతురికి జర్నలిజం చదువెందుకు?

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు టీచర్ని, నెల్లూరు. మా వాకింగ్ బ్యాచ్‌లో రోజూ ఒకటే వాదన. మా జిల్లా దూబగుంట ఊరి సారా వ్యతిరేక ఉద్యమాన్ని పేపర్లే నడిపించాయని ఒకాయన అంటాడు, కాదు ఆడవాళ్ళు చేస్తే పేపర్లు అమ్ముకున్నాయని ఇంకొకాయన. పత్రికల మీద యూనివర్సిటీల్లో పరిశోధన చేసేవాళ్ళున్నారు కదా, ఈ వాదన తేల్చే దారి వాళ్ళ దగ్గరేమైనా ఉందా?

జవాబు: మాస్టారూ, పరిశోధన చేసేవాళ్ళు ముందు అడిగేది ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని. అలా చూస్తే మీ రెండో ఫ్రెండ్‌కే ఎక్కువ మార్కులు పడతాయి. 1991లో జిల్లాలో పెద్దవాళ్ళకి చదువు నేర్పే అక్షర దీపం కార్యక్రమం నడుస్తున్నప్పుడు, సారాతో నాశనమైన ఒక కుటుంబం కథ వయోజన విద్య వాచకంలో పాఠంగా ఉంది, దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో అది చదివారు, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు, ఊళ్ళో దుకాణం మూయించారు. అప్పటికి ఏ పేపర్లోనూ బ్యానర్ లేదు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రానికి తెలిసింది ఆ తర్వాతే.

కానీ మొదటాయన మాట కూడా పూర్తిగా కొట్టిపారెయ్యలేం. దూబగుంటలో జరిగింది పక్క ఊరికి, ఆ పక్క మండలానికి, ఇంకో జిల్లాకి ఎలా తెలిసింది? 1989 నుంచి ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ (చిన్న సైజు జిల్లా పేపర్) ఇవ్వడం మొదలుపెట్టింది, దానికోసం మండలానికో విలేకరి వచ్చాడు, అంతకుముందు పల్లెల్లో జరిగితే వార్తే కానివి అప్పుడు వార్తలయ్యాయి. 1992లో అదే పేపరు సారాపై సమరం అని రోజూ ఒక పేజీ కేటాయించింది. పక్క ఊరివాళ్ళు దుకాణం మూయించారని పొద్దున్నే ఎవరో చదివి వినిపిస్తే, మనమెందుకు ఊరుకోవాలి అనిపించదూ! సారా దుకాణాల వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. (అది 1997లో ఎత్తేశారు, ఆ బాధ వేరే.)

పేపర్ బలం ఎంతో కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో మెకోంబ్స్, షా అని ఇద్దరు ప్రొఫెసర్లు 1968 అధ్యక్ష ఎన్నికల టైమ్‌లో చాపెల్ హిల్ అనే ఊళ్ళో, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని మీ దృష్టిలో పెద్ద సమస్యలేంటి అని అడిగారు. పేపర్లూ టీవీలూ వేటికి ఎక్కువ చోటిచ్చాయో ఆ జవాబుల పక్కనే పెట్టి పోల్చి చూస్తే రెండు జాబితాలూ దాదాపు ఒకటే. 1972లో అచ్చయింది, దాన్నే అజెండా సెట్టింగ్ అంటారు. జనం ఏమనుకోవాలో పేపర్ చెప్పలేకపోవచ్చు గానీ దేని గురించి అనుకోవాలో చాలావరకు చెప్పగలదు. సారా మీద కోపం ఆ ఆడవాళ్ళకి పేపర్ ఇచ్చింది కాదు, వాళ్ళ మొగుళ్ళ కూలి డబ్బులు ఎటుపోతున్నాయో వాళ్ళకి ఒకరు చెప్పాలా! కానీ ఆ కోపాన్ని హైదరాబాద్‌లో మంత్రులు రోజూ పొద్దున్నే చూడక తప్పని పరిస్థితి తెచ్చింది మాత్రం పేపరే. ఆ పేపరుకి రాజకీయ ఇష్టాలు లేవా అంటే ఉన్నాయి, సర్క్యులేషన్ లెక్కలూ ఉన్నాయి, వాటిని కూడా లెక్కలోకి తీసుకునే చదవాలి. నా మటుకు నేను ఉద్యమం ఆడవాళ్ళది అనే అంటాను.

ప్రశ్న: జర్నలిజం చదువుకున్నవాళ్ళు పేపర్లలోకి వస్తే ఎన్నికలప్పుడు డబ్బులు తీసుకుని వార్తలు వెయ్యడం ఆగుతుందా? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చదువు ఒక్కదానితో ఆగదండీ, ఆ డబ్బు తీసుకునేది ఎక్కువగా మేనేజ్‌మెంట్లు, విలేకరి చేతిలో ఉండేది తక్కువ. కానీ అది బయటపడింది మాత్రం కూర్చుని లెక్కపెట్టడం వల్లే, అదీ మీ జిల్లాలోనే. 2009 ఎన్నికల తర్వాత వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరిలో ఈ డబ్బు వార్తల మీద శాంపిల్ సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ కూడా పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి గారితో కమిటీ వేసింది, వాళ్ళు 2010లో పేర్లతో సహా వివరంగా రిపోర్టిస్తే కౌన్సిల్ చిన్నది మాత్రం బయటపెట్టి అసలుది పక్కన పెట్టింది, చివరికి 2011లో సమాచార కమిషన్ చెప్తే గానీ మొత్తం జనం ముందుకు రాలేదు. దొరికితే చదవండి.

ప్రశ్న: సార్, మాది కొత్తగూడెం దగ్గర ఒక మండలం, డిగ్రీ ఫైనలియర్. జర్నలిజం పీజీ చెయ్యాలని ఉంది. మా నాన్న 22 ఏళ్ళుగా మండల విలేకరి, ఆయనే వద్దంటున్నారు. వార్త రాయడం క్లాసులో రాదు, ఎమ్మార్వో ఆఫీసు అరుగు మీద వస్తుంది అంటారు. రెండేళ్ళు కూర్చుని చదవడానికి అందులో ఏముంటుంది?

జవాబు: అమ్మా, మీ నాన్నగారు చెప్పింది నిజం. వార్త రాయడం అరుగు మీదే వస్తుంది. కానీ రాసిన వార్త ఎందుకు రాలేదో ఆ అరుగు మీద ఎవరూ చెప్పరు, ఆయన 22 ఏళ్ళలో అది ఎన్నిసార్లు మింగేసి ఊరుకున్నారో అడిగి చూడు.

నేను 90ల్లో ఒక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో సబ్ ఎడిటర్ని. మండలాల నుంచి వార్తలు ఆర్టీసీ బస్సుల్లో కవర్లలో వచ్చేవి, సాయంత్రం మా అటెండర్ బస్టాండ్‌కి వెళ్ళి సంచీ నిండా తెచ్చేవాడు, మేం చించి చదివి కొన్ని దిద్దేవాళ్ళం, మిగతావి బుట్టలోకి. ఒకరోజు ఒక విలేకరి నేరుగా ఆఫీసుకొచ్చాడు. చెమటకి అట్ట మెత్తబడిపోయిన పొడవాటి నోట్‌బుక్కు తీసి నా టేబుల్ మీద పెట్టాడు. ఎడమ పేజీల్లో పంపిన వార్తల పేర్లు తేదీలతో, కుడి పేజీల్లో అచ్చయిన కటింగులు మైదా పిండితో అతికించి. ఆ నెల ఎడమవైపు 43, కుడివైపు 9. కోప్పడలేదాయన. హాస్టల్ బోరు నీళ్ళు తాగి పిల్లలకి కడుపునొప్పులొస్తున్నాయని మూడుసార్లు రాశాను సార్, ఒక్కసారీ రాలేదు, రిబ్బన్ కటింగ్ రాస్తే ఫోటోతో వచ్చింది, ఎందుకో చెప్తే నేనూ అలాగే రాస్తాను అన్నాడు. లైన్ అకౌంట్ మీద బతికే మనిషి, అచ్చయిన లైన్లకే డబ్బులు.

ఆ మూడూ బుట్టలో వేసింది నేనే. ఒకరోజు యాడ్ లేటుగా వచ్చి చోటు తగ్గింది, ఒకరోజు మొన్నే ఇది రాశాడుగా అనుకున్నా, మూడో రోజు కారణం నాకే గుర్తులేదు. జవాబు చెప్పలేక టీ తెప్పించా.

చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగం చేస్తూనే పీజీ కట్టాను. అందులో డేవిడ్ మానింగ్ వైట్ అనే ఆయన పరిశోధన చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయా. 1949లో ఆయన అమెరికాలో ఒక మామూలు ఊరి పేపర్లో ఏజెన్సీ వార్తలు (వార్తా సంస్థలు పంపేవి) చూసే ఎడిటర్ దగ్గరికి వెళ్ళి, వారం రోజులు నువ్వు వెయ్యని ప్రతి వార్తా దాచు, ఎందుకు వెయ్యలేదో దాని మీదే రాయి అన్నాడు. వచ్చినవాటిలో దాదాపు పదోవంతే అచ్చయ్యాయి. కారణాలు చూస్తే చోటు లేదు, ఇలాంటిది ముందే వేశాం, నాకు ఆత్మహత్యల వార్తలు నచ్చవు, ఇలాంటివే. అంటే లోకంలో ఏం జరిగిందో ఆ ఊరి జనానికి తెలియడం ఒక మనిషి ఇష్టాయిష్టాల మీద నడిచింది. 1950లో అచ్చయిన ఆ చిన్న వ్యాసంతో గేట్‌కీపింగ్ అని, అంటే ఏ వార్తని లోపలికి రానివ్వాలో ఏది ఆపాలో గేటు దగ్గర నిలబడి తేల్చడం గురించి, ఒక పెద్ద చర్చే మొదలైంది. మా విలేకరి నోట్‌బుక్కూ అదే పని చేసింది, కాకపోతే ఆయనది గేటు అవతలి నుంచి.

1965లో గాల్టుంగ్, రూగె అని నార్వే వాళ్ళు ఇంకో సంగతి చెప్పారు. ఒక్కరోజులో జరిగి అయిపోయేది వార్తవుతుంది, మెల్లగా నెలల తరబడి జరిగేది అవ్వదు. బస్సు బోల్తా పడితే వెంటనే వేస్తాం, బోరు నీళ్ళు రోజూ అవే కాబట్టి వాటికి ఈరోజు అనే తేదీ లేదు. కరువుల మీద అమర్త్య సేన్ చెప్పింది కూడా దీని పక్కనే పెట్టి చదవాలి, స్వేచ్ఛగా రాసే పత్రికలూ ఎన్నికలూ ఉన్నచోట పెద్ద కరువు చావులు ఉండవన్నాడు, కానీ రోజూ అర్ధాకలితో ఉండేవాళ్ళ సంగతి పేపర్లు అంతగా పట్టించుకోవని కూడా ఆయనే అన్నాడు. ఇవేవీ నాకు డెస్క్ నేర్పలేదమ్మా. ముందే చదివుంటే ఆ కవరు మూడుసార్లు బుట్టలో వేసేవాణ్ణి కాదేమో.

నాలుగోసారి ఆయన హాస్టల్ వార్త పంపితే సింగిల్ కాలమ్ వేశాను. కొన్నాళ్ళకి కొత్త బోరు వేశారు.

ఏ డిగ్రీ చేసినా పీజీకి రావచ్చు, తెలంగాణలో సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది, లైబ్రరీలో పాత పత్రికలు చూసే అలవాటు చేసుకో. ఇంట్లో పరిస్థితి బాగోకపోతే పేపర్లు నడిపే జర్నలిజం స్కూళ్ళలో స్టైపెండ్ ఇస్తారు, అక్కడ పని బాగా వస్తుంది గానీ నేను పైన చెప్పినవి చదివే టైమ్ తక్కువ. నీ మార్కులు బాగుంటే యూనివర్సిటీకే వెళ్ళమంటాను. ఈలోగా ఒక నోట్‌బుక్కు కొను, నాన్నగారు పంపిన ప్రతి వార్తా ఎడమవైపు రాయి, వచ్చినవి కుడివైపు అతికించు. మూడు నెలలయ్యాక ఇద్దరూ కూర్చుని చూడండి, నీ పీజీ ప్రాజెక్టుకి అదే పనికొస్తుంది, ఏం కనిపించిందో నాకూ రాయి.