మైనం డబ్బా తెరిచే ముందు

చి. అమ్మలూ,

నువ్వు పంపిన ఆయిల్ పెయింటింగ్ బొమ్మ ఫొటో చూశాను. చెరువు మీద సాయంత్రపు వెలుగు బాగా కుదిరింది. దసరాకల్లా మైనం పూసి గోడకి తగిలించేస్తానన్నావే, అదే నాకు టెన్షన్.

ఆయిల్ రంగు నీళ్ళ రంగులా ఆరిపోయేది కాదు. గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. వేలికి అంటకపోయినా లోపల పచ్చిగానే ఉంటుంది. పల్చగా వేసిన ఆకాశానికి ఆరు నెలలు చాలేమో కానీ, పెయింటింగ్ నైఫ్‌తో దట్టంగా పెట్టిన మబ్బులకి ఏడాది పైనే పట్టొచ్చు. ఆయిల్ రంగుని పల్చబరిచే ద్రవం, వాసన లేని మినరల్ స్పిరిట్‌లో దూది పుల్ల ముంచి, ఫ్రేమ్ కింద దాగిపోయే అంచున మెల్లగా రాసి చూడు. దూదికి రంగు అంటిందంటే ఇంకా ఆగాల్సిందే.

నా మాట వింటే రంగు మీద నేరుగా మైనం వద్దు. తర్వాత తీసేయడానికి వీలుండే వార్నిష్ ఒక పూత వేసి, అది ఆరాక మైనం పెట్టు. ఎప్పుడైనా శుభ్రం చేయాల్సివస్తే పోయేవి ఆ రెండు పూతలే. పైగా మీ హాల్లో ట్యూబ్‌లైట్ కింద ఉత్త వార్నిష్ తళతళలాడి బొమ్మ కనపడనివ్వదు. మైనం ఆ మెరుపుని తగ్గిస్తుంది.

కొవ్వొత్తి మైనం, ఫర్నిచర్ పాలిష్ జోలికి పోకు. పాలిష్‌లో సిలికాన్ ఉంటే తర్వాత ఏ పూతా సరిగ్గా పట్టదు. తేనె మైనం టర్పెంటైన్‌లో కలిపి ఇంట్లోనే కాస్తానంటావేమో, ఇట్టే అంటుకునే ఆ ద్రవాన్ని పొయ్యి దగ్గరికి తేవడం నాకిష్టం లేదు. కోల్డ్ వ్యాక్స్ డబ్బా కొనుక్కో, అది వేడి చేయకుండానే రాసుకునే మెత్తటి మైనం.

బొమ్మని బల్ల మీద పరిచి, కాన్వాస్ కుంగకుండా వెనక చట్రం మధ్యలో సరిపడా మందమున్న అట్టలు పెట్టు. కిటికీలు తెరిచి ఉంచు. బాగా ఉతికిన పాత పంచె ముక్క మీద శనగగింజంత మైనం తీసుకుని, జానెడు మేర సున్నాలు చుడుతూ రాయి. అంతకంటే ఎక్కువ వద్దు. తేనె మైనం కరగడానికి అరవై డిగ్రీలు దాటాలి కానీ, మన బెజవాడ మే నెలకే మందపు పూత మెత్తబడి దుమ్మంతా పట్టేస్తుంది. మబ్బుల గాట్లలో ఇరుక్కున్న మైనాన్ని అప్పటికప్పుడే మెత్తటి బ్రష్‌తో లాగెయ్యి, లేకపోతే తెల్లటి గీతలు తేలతాయి. పావుగంట ఆగి, ఇంకో పొడిగుడ్డతో ఒత్తకుండా రుద్దు. కిటికీ వెలుగులో పక్కవాటుగా చూస్తే మసక మచ్చలు దొరుకుతాయి.

తర్వాత దుమ్ము దులపడానికి పొడి బ్రష్ చాలు. మా అక్క తడిగుడ్డ పట్టుకుందంటే ఆగదు, ముందే చెప్పి ఉంచు.

మామయ్య