రాత్రి కాల్స్ అయ్యాక నిద్ర పట్టడం లేదు, బీపీ పెరిగింది... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 36. మాది అనంతపురం, పదకొండేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లు మారతహళ్లి, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ. పొద్దున 9కి బయల్దేరితే రాత్రి 8కి ఇల్లు చేరతాను. రానుపోను ట్రాఫిక్‌లోనే మూడు గంటలు. మళ్లీ తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అమెరికా వాళ్లతో కాల్స్. పడుకున్నా నిద్ర రాదు. ఛాతీలో మంట, ఊరికే చిరాకు. మొన్న బీపీ 146/94 ఉంది. పనినీ ఇంటినీ సర్దుకునే దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు ఛాతీ మంట సంగతి. ఆలస్యంగా తిని వెంటనే పడుకునేవాళ్లకు ఇది మామూలే. కానీ మెట్లెక్కేటప్పుడు వస్తున్నా, ఎడమచేతికో దవడకో నొప్పి లాగుతున్నా, చెమటలు పట్టినా క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఈసీజీ తీయించుకోండి. గ్యాస్ అనుకుని ఏదో మాత్ర వేసుకుని ఊరుకోవద్దు.

ఇక మీ వేళలు. ప్రయాణం తీసేసినా రోజుకు 11 గంటల పని, వారానికి 55. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవారి కంటే 55, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీరు సరిగ్గా ఆ గీత మీదున్నారు. అందుకే యోగా, జిమ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు గంటలు తగ్గాలి.

మేనేజర్‌తో మాట్లాడి కాల్స్‌ను వారంలో రెండు మూడు రాత్రులకు కుదించుకోండి. కాల్ ఉన్న మర్నాడు ఇంటి నుంచి పని అడగండి. సిల్క్ బోర్డు జంక్షన్ లాంటి చోట్ల ట్రాఫిక్‌లో పోయే ఆ మూడు గంటలు నిద్రకు మిగులుతాయి. కావాలంటే డాక్టర్ సర్టిఫికెట్ జత చేయండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. మీరు అడగనంత కాలం అవతలివాళ్లకు మీ అర్ధరాత్రి కనిపించదు.

మా ఓపీకి వచ్చే మీ వయసువాళ్లు చాలామంది రాత్రి భోజనం ఎలా చేస్తారో చెబుతుంటే బాధేస్తుంది. కుడిచెయ్యి పెరుగన్నంలో, ఎడమచెయ్యి మ్యూట్ బటన్ మీద. ఏం తిన్నామో, ఎంత తిన్నామో తెలియదు. మీరు ఎనిమిదిన్నరకే ఇంట్లోవాళ్లతో కూర్చుని తినేయండి. మంట సగం అక్కడే తగ్గవచ్చు. కాఫీ మధ్యాహ్నం 3 తర్వాత వద్దు. తాగిన ఐదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. కాల్ అవగానే మంచమెక్కితే నిద్ర రాదు. మెదడు ఇంకా ఆ మాటల్లోనే ఉంటుంది. మర్నాటి పనులు కాగితం మీద రాసి, లైట్లు తగ్గించి, అరగంట ఫోను ముట్టకుండా ఉండండి. ఎప్పుడు పడుకున్నా కనీసం 7 గంటల నిద్ర దక్కాలి. నిద్ర చాలని పొద్దున బండి మీరు నడపకండి.

ఒక్కసారి చూసిన బీపీతో జబ్బని తేల్చలేం. ఇంట్లో ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు వారం పాటు చూసి రాసుకోండి. సగటు 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే చికిత్స ఆలోచించాలి. షుగర్, థైరాయిడ్, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా చేయించండి.

చిరాకు తగ్గకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బీపీ రాసిన కాగితం, ఈసీజీ తీసుకుని మీ దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. వీలైతే మీ భార్యను కూడా వెంట తీసుకెళ్లండి. మీ గురక గురించీ, నిద్రలో ఊపిరి ఆగుతోందా అన్నదీ ఆవిడే చెప్పగలరు.