ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడెందుకు పడలేదు?

ప్రశ్న: మా అమ్మగారికి అండాశయ క్యాన్సర్‌కు గతంలో కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఆరు విడతలుగా ఇచ్చారు, ఏ ఇబ్బందీ రాలేదు. వ్యాధి తిరగబెట్టడంతో మళ్లీ అవే మొదలుపెట్టారు. రెండో విడతలో కార్బోప్లాటిన్ ఎక్కుతుండగా అరచేతులు విపరీతంగా దురదపెట్టి, ముఖం ఎర్రబడి, ఆయాసం రావడంతో డ్రిప్ ఆపేశారు. ముందుజాగ్రత్త ఇంజెక్షన్లు ఇచ్చినా ఇలా ఎందుకైంది? ఇక ఈ మందును వదులుకోవలసిందేనా?

జవాబు: అన్నిసార్లు ఎక్కించడం వల్లనే ఇప్పుడు పడలేదంటే విచిత్రంగా తోచవచ్చు గానీ, కార్బోప్లాటిన్ తీరే అది. తొలి విడతల్లో కొందరి శరీరం ఆ మందుకు వ్యతిరేకంగా ఐజీఈ యాంటీబాడీలను (అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకాలను) నెమ్మదిగా తయారు చేసుకుంటుంది. కొంత విరామం తరువాత అదే మందు మళ్లీ ఎక్కినప్పుడు అవి మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేయిస్తాయి. అందుకే ఈ అలర్జీ ఎక్కువగా ఏడెనిమిది డోసుల దగ్గర బయటపడుతుంది. మీ అమ్మగారిది ఎనిమిదోది. అరచేతుల దురద దీనికి తరచుగా కనిపించే తొలి హెచ్చరిక. చిన్న దురదే కదా అని రోగులు ఓర్చుకుంటూ ఊరుకోవడమే ప్రమాదం.

పాక్లిటాక్సెల్ సంగతి వేరు. అది పడనివారికి సాధారణంగా మొదటి లేదా రెండో డోసులోనే, డ్రిప్ మొదలైన కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అక్కడ దోషం చాలావరకు మందుది కాదు, దాన్ని కరిగించడానికి వాడే, ఆముదం నుంచి తయారయ్యే క్రెమోఫోర్ అనే ద్రావకానిది. ముందుగా ఇచ్చే స్టెరాయిడ్, యాంటీహిస్టమిన్ ఇంజెక్షన్లు ఆ రకాన్ని బాగా తగ్గిస్తాయి. కార్బోప్లాటిన్ అలర్జీని మాత్రం నమ్మకంగా ఆపలేవు. డ్రిప్ వేగం తగ్గించి అదే మందును మళ్లీ మొదలుపెట్టడమూ ఇక్కడ క్షేమం కాదు.

వదులుకోవాలా వద్దా అన్నది ప్రతిచర్య తీవ్రతను, వేరే మందులు ఎంతవరకు పనిచేస్తాయన్నదాన్ని బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. ఈ మందే అవసరమనుకుంటే డీసెన్సిటైజేషన్ అనే పద్ధతి ఉంది. బాగా పలుచన చేసిన ద్రావణంతో మొదలుపెట్టి, తరచుగా 12 మెట్లలో, పావుగంటకోసారి మోతాదు పెంచుతూ, తీవ్ర అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్‌ను చేతికందేలా ఉంచుకొని, సుమారు ఆరు గంటల పాటు ఎక్కిస్తారు. ఇది అలర్జీని నయం చేయదు, ఆ పూటకు శరీరాన్ని ఓర్చుకునేలా చేస్తుందంతే. కాబట్టి ప్రతి విడతలోనూ మళ్లీ మొదటి మెట్టు నుంచే రావాలి. అమ్మగారు రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, ఎందుకంటే అవి అత్యవసరంలో ఇచ్చే అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించవచ్చు.