వరదకు ముందే ఫైళ్ల భద్రత

ప్రశ్న: మా లంక గ్రామ గ్రంథాలయంలోని పాత దస్తావేజుల స్కాన్లు, వాటి జాబితాలు లినక్స్ కంప్యూటరులో ఉన్నాయి. గోదావరికి వరద రాకముందే వీటిని ఎలా కుదించి భద్రపరచాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: 1979 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన టార్ అనే ప్రోగ్రాము అనేక ఫైళ్లను ఒకే కట్టగా చేస్తుందే తప్ప, తనంతట తాను పరిమాణాన్ని తగ్గించదు, ఆ పని జీజిప్, ఎక్స్‌జెడ్ వంటివి చేస్తాయి. అక్షరరూపంలో ఉన్న జాబితాలు బాగా కుదించుకుపోతాయి గాని, జేపెగ్ స్కాన్లు ముందే కుదించినవి కనుక వాటిపై ఎక్స్‌జెడ్‌తో గంటలు వెచ్చించడం వృథా. స్కాన్లను ఆర్‌సింక్ అనే నకలు ప్రోగ్రాముతో బయటి డిస్కులోకి నకలు చేయండి. తర్వాతిసారి అది కొత్తవాటిని, మారినవాటిని మాత్రమే పంపుతుంది. డిలీట్ ఐచ్ఛికాన్ని మాత్రం జోడించవద్దు, ఎందుకంటే ఇక్కడ పొరపాటున చెరిపినది తర్వాతి నకలుతో అక్కడా చెరిగిపోతుంది. ఫైలులోని సమాచారాన్ని బట్టి ఒక తనిఖీ సంకేతాన్ని లెక్కించే షా256సమ్‌తో రెండు ప్రతులనూ సరిపోల్చండి. ఆ బయటి డిస్కును ఏటిగట్టు లోపల కాక, మెట్ట ప్రాంతంలో నమ్మకస్తుల దగ్గర ఉంచడం తప్పనిసరి.